చేతి మీది కణం చెప్పనిది కులం చెబుతుంది

ఎన్‌కౌంటర్ కథనాలన్నీ దాదాపు ఒకే వాక్యంతో నడుస్తాయి: 'వాళ్లు ముందు కాల్పులు జరిపారు, పోలీసులు ఆత్మరక్షణ కోసం ఎదురుకాల్పులు జరిపారు.' ఈ వాక్యంలో మొదటి సగం నిజమా కాదా తేల్చడానికి ఉన్న మార్గాల్లో ఒకటి, మృతుల చేతుల మీద తుపాకీ కాల్పుల అవశేషాల కోసం జరిపే పరీక్ష. దాన్ని జీఎస్ఆర్ పరీక్ష అంటారు. 'పాజిటివ్' అని నివేదిక వస్తే ఇక వాదన ముగిసిందనుకుంటాం. నిజానికి వాదన అక్కడే మొదలవ్వాలి.

ట్రిగ్గర్ నొక్కగానే తూటా అడుగున ఉండే ప్రైమర్ మండుతుంది. అందులోని సీసం, బేరియం, యాంటిమొనీ ఆవిరై, వెంటనే చల్లబడి, కంటికి కనిపించని కణాలుగా చుట్టుపక్కల పడతాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద ఈ మూడు మూలకాలూ ఒకే కణంలో కనిపిస్తే అది కాల్పుల నుంచి వచ్చిందని చాలావరకు నమ్మవచ్చు. అది ఆ చేతికి ఎలా చేరిందో మాత్రం మైక్రోస్కోపు చెప్పలేదు. కాల్చినవాడికి అంటుతుంది. పక్కన నిలబడినవాడికీ, తర్వాత ఆ తుపాకీని ముట్టుకున్నవాడికీ అంటుతుంది. మామూలు జనం చేతుల మీద ఈ కణాలు అరుదు. నిత్యం ఆయుధాలు పట్టేవారి చేతులు, వాళ్లు వేసే బేడీలు, వాళ్లు తిరిగే వాహనాల సంగతి వేరు. ఇంకోవైపు, బతికున్న మనిషి చేతి మీద నుంచి ఈ కణాలు కొన్ని గంటల్లోనే రాలిపోతాయి. కడుక్కుంటే ఇంకా త్వరగా పోతాయి. అంటే కణం ఉన్నంత మాత్రాన కాల్చినట్టు కాదు, లేనంత మాత్రాన కాల్చనట్టూ కాదు.

లండన్‌లో 1999 ఏప్రిల్‌లో టీవీ వ్యాఖ్యాత జిల్ డాండో హత్య జరిగింది. ఏడాది తర్వాత స్వాధీనం చేసుకున్న బ్యారీ జార్జ్ కోటు జేబులో ఒకే ఒక్క కణం దొరికింది. ఆయనకు 2001లో యావజ్జీవ శిక్ష పడింది. హత్యకు వాడిన తుపాకీ నుంచి ఆ కణం వచ్చి ఉండే అవకాశం ఎంతో, మరెక్కడి నుంచో వచ్చి ఉండే అవకాశమూ అంతేనని తర్వాత నిపుణులు తేల్చారు. 2007లో అప్పీలు కోర్టు శిక్షను రద్దు చేసింది, 2008 పునర్విచారణలో ఆయన నిర్దోషిగా బయటపడ్డారు. మానసిక ఇబ్బందులున్న, పలుకుబడి లేని ఆ మనిషి అప్పటికే ఎనిమిదేళ్లు జైల్లో గడిపారు.

మన దగ్గర చిక్కు ఇంకా పెద్దది. దగ్గరి నుంచి కాల్పులకు గురైన మనిషి, ప్రాణభయంతో చేతులు అడ్డం పెట్టుకుంటే, తనను చంపిన తుపాకీ కణాలే ఆ చేతుల మీద పడతాయి. ఆ తర్వాత శవాన్ని ముట్టుకునేదీ, తరలించేదీ ఎక్కువగా అంతకుముందే కాల్పులు జరిపిన బృందానికి చెందినవాళ్లే. ఆ చేతుల మీద దొరికిన కణాన్ని మృతుడికి వ్యతిరేకంగా సాక్ష్యంగా నిలబెట్టడం ఎంతవరకు న్యాయం?

2012 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సర్కేగూడలో 17 మంది ఆదివాసీలు భద్రతా బలగాల కాల్పుల్లో చనిపోయారు. గ్రామస్తుల వైపు నుంచి కాల్పులు జరగలేదని జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ చెప్పింది. ఆ నివేదిక 2019లో గానీ బయటికి రాలేదు. అదే ఏడాది డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు హతమయ్యారు. ఆయుధాలు లాక్కుని కాల్చారన్న పోలీసుల కథనాన్ని సిర్పుర్కర్ కమిషన్ నమ్మలేదు. చంపాలనే ఉద్దేశంతోనే వారిపై కాల్పులు జరిపారని తేల్చింది. ఆ ఉదయం పూలు చల్లినవాళ్లకు ఏ పరీక్షా అవసరం కాలేదు.

అసలు విషయం ఇదే. ఒక కణానికి ఎంత విలువ ఇవ్వాలన్నది, అది దొరకకముందే ఆ మనిషి గురించి మనం ఏమనుకుంటున్నామన్న దానిమీద ఆధారపడుతుంది. ఈ దేశంలో ఆ ముందస్తు అనుమానాన్ని పోగుచేసి పెట్టేది కులం. 1871 నేరస్త తెగల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. 1952లో అది రద్దయినా, స్టువర్టుపురం పేరు చెప్పగానే జనం ముఖాలు మారడం ఆగలేదు. 2022 జైలు గణాంకాల ప్రకారం విచారణ ఖైదీల్లో దళితులు సుమారు ఐదో వంతు. 2011 జనాభా లెక్కల్లో వారి వాటా 16.6 శాతం. కణం సగంలో ఆపేసిన వాక్యాన్ని ఈ అనుమానం పూర్తి చేస్తుంది.

పరీక్షను వద్దనడం నా ఉద్దేశం కాదు. పీయూసీఎల్ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లోనే అవసరమైన చోట ఈ పరీక్ష జరపాలని ఉంది, దర్యాప్తు స్వతంత్రంగా సాగాలనీ ఉంది. మొదటిది పాటించి రెండోది వదిలేస్తే పరీక్ష ఒక తంతుగా మిగులుతుంది. మృతుల చేతులకు అక్కడికక్కడే కాగితపు సంచులు కట్టాలి. నమూనాలు తీసేవారు కాల్పుల బృందానికి సంబంధం లేనివారై ఉండాలి. కాల్చిన పోలీసుల చేతుల నుంచీ, శవాన్ని తరలించిన వాహనం నుంచీ నమూనాలు తీసి పోల్చాలి. ఎన్ని కణాలు, ఎన్ని గంటలకు, ఎవరు తీశారన్నది నివేదికలో ఉండాలి.

2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లడాన్ని తప్పనిసరి చేస్తోంది. ప్రభుత్వ నిపుణుడిని బోనెక్కించకుండానే నివేదికను సాక్ష్యంగా తీసుకునే పాత వెసులుబాటును కూడా అలాగే ఉంచింది. ఇక ముందు కోర్టుల్లోకి ఇలాంటి నివేదికలు మరిన్ని వస్తాయి. లా, సైన్స్ చదువుతున్న బహుజన విద్యార్థులు వాటిని వరుస వరుసగా చదివి ప్రశ్నించడం నేర్చుకోవాలి. చనిపోయిన మనిషి తన చేతులు ఎందుకు పైకెత్తాడో చెప్పలేడు. ఆ ప్రశ్న అతని తరఫున మనమే అడగాలి.