హనుమంతునికి ఆసనమిచ్చి వాక్కును హరించారు





గత శ్రీరామనవమినాడు కల్యాణానంతరం పానకం పంచుతుండగా పదేండ్ల బాలుడొకడు సమీపించి, "పంతులుగారూ, యుద్ధానికి ముందు రాముడు ఏం చేసేవాడండీ?" అని అడిగాడు. వాడు రామకథను ఎరిగినది 'ఆదిపురుష్' చలనచిత్రం ద్వారా మాత్రమే. ఆ ప్రశ్నలో బాలుని దోషం లేదు. కథ చెప్పిన తీరులో ఉన్నది.

2023 జూన్ 16న విడుదలైన ఆ చిత్రంలో వనవాసానికి పూర్వకథ ఆరంభంలో చిత్రమాలికగా గడిచిపోతుంది. ఆపైన ప్రాధాన్యమంతా సీతాపహరణానికి, సంగ్రామానికి. నాయకుడంటే శత్రుసంహర్త, అతని ప్రయాణమంటే రణభూమికి మార్గం అన్నదే అక్కడి భావన.

వాల్మీకి మహర్షి దర్శనం వేరు. పట్టాభిషేకవార్త విన్నవేళనూ, అరణ్యవాసాజ్ఞ విన్నవేళనూ స్వామి ముఖకాంతి ఒక్కటే. ఆ ఆత్మజయం ముందు సిద్ధించింది. లంకాజయం దాని ఫలం. పదునాలుగేండ్లలో సుమారు పదేండ్లు దండకారణ్యంలోని మునుల ఆశ్రమాలలోనే గడిచాయి. అక్కడే సీతమ్మ, తమతో వైరం లేనివారిని హింసించడం తగునా అని భర్తను ప్రశ్నించింది. స్వామి ఆగ్రహించలేదు. ఆమె హితబుద్ధిని మెచ్చి, ఋషులకు తానిచ్చిన అభయవచనాన్ని వివరించాడు. జటాయువుకు స్వయంగా అగ్నిసంస్కారం చేశాడు. సముద్రతీరంలో శత్రుసోదరునికి శరణమిచ్చాడు. ధనుస్సు విరిగి అలసి నిలిచిన రావణుని చంపక, విశ్రమించి రమ్మని పంపాడు. వాడు మరణించాక, వైరం మరణంతోనే ముగిసిందని చెప్పి అంత్యక్రియలకు విభీషణుని ప్రేరేపించాడు. ఇవన్నీ తొలగిస్తే మిగిలేది బలవంతుడైన విలుకాడు, రాముడు కాడు.

ఇచట పూర్వపక్షం ఒకటున్నది: "కాలానుగుణంగా చెప్పకపోతే యువతరం వినదు. మార్పులు పూర్వకవులు చేయలేదా?" చేశారు. ఉడుతకథ వాల్మీకంలో లేదు, రంగనాథ రామాయణంలో ఉన్నది. తెలుగువారు దానిని ఆదరించారు. ఏలనగా అల్పప్రాణి సేవను సైతం గుర్తించే స్వామి కారుణ్యాన్ని అది పోషించింది. 1963 నాటి 'లవకుశ' కూడా చలనచిత్రమే, దానిని మన పెద్దలు భక్తితోనే చూశారు. కనుక మార్పు దోషం కాదు, సాంకేతికత దోషం కాదు. గుణహాని దోషం.

దీనికి హనుమంతుడే సాక్షి. ప్రతి ప్రదర్శనశాలలో ఆయనకొక ఆసనం ఖాళీగా ఉంచుతామని చిత్రబృందం ప్రకటించింది. వారి భక్తిని నేను శంకించను. కానీ కిష్కింధాకాండలో తొలి సమాగమంలోనే రాముడు ఆయనలో కీర్తించినది బాహుబలాన్ని కాదు, వాక్కును. వేదాధ్యయనం, వ్యాకరణజ్ఞానం లేనివాడు ఇట్లు పలుకలేడనీ, ఇంతసేపు మాటాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదనీ లక్ష్మణునితో అన్నాడు. అట్టి మహాత్ముని నోట వీధిపలుకులు పలికించారు. విమర్శలు చెలరేగిన తరువాత కొన్ని సంభాషణలను సవరించారు, సంతోషం. అయితే మాట మారినంతనే దృష్టి మారదు.

ఇక మన దోషమూ చెప్పుకొనవలె. భద్రాచలంలో నవమినాడు కల్యాణం, మరునాడు పట్టాభిషేకం. ఆ రెంటి నడుమ పదునాలుగేండ్ల అరణ్యవాసమున్నది. దానిని పిల్లలకు బోధించవలసిన అర్చకులము, తల్లిదండ్రులము మనమే కదా! మన ఆలయాలలో, మన గృహాలలో అయోధ్యాకాండ వినబడుచున్నదా? మనం మౌనం వహించిన చోటనే వెండితెర గురుపీఠమెక్కింది.

ఆనాడు ఆ బాలుని మండపంలో కూర్చుండబెట్టి, కైకేయీ మందిరంలో స్వామి తండ్రి ఎదుట నిలిచిన ఘట్టం నుండి కథ ఆరంభించాను. పానకం చేతిలోనే ఉంచుకొని వాడు విన్నాడు. వినరని అనుకొనుట మన అపోహ మాత్రమే.

శుభం భూయాత్.