పాతపట్నం నుంచి విమానానికి అద్దె కారు
శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి విమానం ఎక్కాలంటే ముందు కారు కుదుర్చుకోవాలి. నౌపడా–గుణుపూర్ లైనులో వచ్చే రైళ్ల వేళలు విమానాల కోసం పెట్టినవి కావు. అర్ధరాత్రి బస్సును నమ్ముకుని పెట్టెలతో బయల్దేరడమూ కష్టమే. కారు నరసన్నపేట దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి ఎక్కి, మడపాం, నాతవలస టోల్‌గేట్లు దాటి విశాఖ చేరుతుంది. నౌకాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగా ఆవరణలోని విమానాశ్రయం ఊరికి అవతలి వైపు ఉండడంతో మధురవాడ, హనుమంతవాక, ఎన్ఏడీ కూడళ్ల రద్దీకీ సమయం ఉంచుకోవాలి. దింపిన కారు ఖాళీగా తిరిగి రావాలి కాబట్టి కిరాయి రానూపోనూ దూరానికి పడుతుంది; అందులో అన్యాయం లేదు. టోలు, డ్రైవరు బత్తా, విమానం ఆలస్యమైతే వెయిటింగు ఎవరిదో ముందే తేల్చుకోకపోవడంతోనే తగాదాలు వస్తాయి. గల్ఫ్‌కో సింగపూర్‌కో వెల్డింగు పనికి వెళ్లే కుర్రాడికి ఈ ఖర్చు చిన్నది కాదు. అందుకే చాలామంది తెల్ల నంబరుప్లేటు సొంతకారును చవగ్గా మాట్లాడుకుంటారు. అది ప్రమాదకరమైన పొదుపు: 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కిరాయికి తిప్పే బండికి పర్మిట్ ఉండాలి, అది లేని కారుకు ప్రమాదం జరిగితే బీమా సొమ్ము దగ్గర పేచీ తప్పదు. పర్మిట్ ఉన్న పసుపు ప్లేటు కారునే నలుగురు కలిసి పంచుకోవడం మేలు. శ్రీకాకుళానికీ విశాఖకూ నడుమ, భోగాపురంలో 2023 మే 3న శంకుస్థాపన చేసిన విమానాశ్రయంతో ఈ దారి బాగా తగ్గుతుంది, నగరం దాటే పనీ ఉండదు. అక్కడికి పాతపట్నం, టెక్కలి, పాలకొండల నుంచి విమాన వేళలకు సరిపడా ఆర్టీసీ బస్సులు నడపాలి.