వ్యాపార విందుకు పెద్ద హోటలు ఎంచుకునేవారికి మా మనవి



ఇంటి వంటలో ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి అని మేము ఎప్పుడూ చెబుతూనే ఉంటాము. ఈసారి ఖరీదైన హోటలు భోజనం గురించి రాయాలనిపించింది. నర్సులకు స్టార్ హోటళ్ళతో పనేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. కానీ మన సంఘ కుటుంబాల పిల్లలు చాలామంది ఇప్పుడు హైదరాబాదు కంపెనీలలో మేనేజర్లుగా ఉన్నారు. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసేవారు, భీమవరం వైపు రొయ్యల వ్యాపారం చేసేవారు కూడా మనలో ఉన్నారు. సరుకు కొనే పార్టీ ఊరు నుంచి వచ్చినా, అగ్రిమెంటు కుదిరినా, వాళ్ళను పెద్ద హోటలుకు భోజనానికి తీసుకువెళ్ళడం మర్యాద. ఆ మర్యాద భోజనం మధ్యలో నుంచి రాత్రి పదకొండు గంటలకు బూట్లతో, టైతో క్యాజువాలిటీకి వచ్చేవారిని దించుకునేది మా సిస్టర్లే. అందుచేత ఈ విషయంలో మాకూ ఒక అభిప్రాయం ఉంది.

హోటలు ఎంచుకునేటప్పుడు అందరూ ముందు పేరు చూస్తారు, తర్వాత రేటు చూస్తారు. ముందు చూడవలసింది గడియారం అని మేమంటాము.

ఎందుకంటే, ఇటువంటి విందులో పిలిచినవారు, వచ్చినవారు సమానంగా కూర్చోరు. ఒకరికి ఆర్డరు కావాలి, మరొకరి చేతిలో ఆర్డరు ఉంటుంది. ఇంట్లో పెళ్ళి భోజనం ఆలస్యమైతే షుగరు ఉన్న మనిషి లోపలికి వెళ్ళి, “వదినా, ముందు నాకో రెండు ఇడ్లీలు పెట్టమ్మా” అని అడిగి తినేస్తాడు. హోటలులో పార్టీ ముందు ఆ మాట అనలేడు. జబ్బు మనిషి అనుకుంటారేమోనని భయం. నవ్వుతూ కూర్చుంటాడు. కాబట్టి అతని బదులు ఆలోచించవలసిన బాధ్యత టేబులు బుక్ చేసేవారిదే.

అసలు ఏం జరుగుతుందో చెబుతాము. మామూలు రెగ్యులర్ ఇన్సులిన్ వాడేవారు భోజనానికి సుమారు అరగంట ముందు వేసుకుంటారు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి బిళ్ళలు కూడా తిండి పడినా పడకపోయినా షుగరును తగ్గిస్తూనే ఉంటాయి. విందు ఎనిమిదింటికి అన్నారని ఆయన ఇంట్లోనే ఏడున్నరకు మందు వేసుకుని బయలుదేరతాడు. జూబ్లీహిల్స్, గచ్చిబౌలి ట్రాఫిక్కులో పెద్దసారు వచ్చేసరికి తొమ్మిది. సూపు, స్టార్టర్లు, మాటలు. అసలు భోజనం టేబులు మీదికి వచ్చేసరికి పది దాటుతుంది. ఈలోగా మొహమాటానికి ఒక గ్లాసు మందు పుచ్చుకుంటే మరీ ప్రమాదం. మద్యం పడినప్పుడు లివరు తాను దాచుకున్న చక్కెరను రక్తంలోకి సరిగా వదలలేదు. చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది, మాట తడబడుతుంది. పక్కవాళ్ళు “ఎక్కువైందిలే” అని నవ్వుతారు.

ఒకసారి ఒక చిన్న సప్లయరును తోటివాళ్ళు ఇలాగే తాగి పడిపోయాడని తీసుకువచ్చారు. చూస్తే షుగరు 38. ఆయన ఆ రాత్రి తాగింది సోడా మాత్రమే. గ్లూకోజు ఎక్కించగా తేరుకుని కళ్ళు తెరిచి, మొదట అడిగిన మాట, “సిస్టర్, పార్టీ వాళ్ళు చూశారా?” అని. తన ప్రాణం సంగతి కాదు, ఆర్డరు సంగతి! ఆయనను ఆ టేబులు దగ్గర అంతసేపు ఆకలితో కూర్చోబెట్టినవారు చెడ్డవారేమీ కాదు. ఆ ఊళ్ళోకెల్లా మంచి హోటలే ఎంచారు. ఆలస్యంగా వడ్డించే హోటలు ఎంచారు, అంతే.

మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వాలి, లేదా తియ్యటి పళ్ళరసం ఇవ్వాలి. డైట్ కూల్‌డ్రింకు పనికిరాదు, అందులో చక్కెర ఉండదు. పదిహేను నిమిషాలకు మళ్ళీ చూసి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

మరి హోటలుకు ఫోను చేసినప్పుడు ఏమి అడగాలి? ఆర్డరు ఇచ్చాక భోజనం ఎంతసేపటికి వస్తుంది, ముందే మెనూ చెబితే ఏడున్నర, ఎనిమిదికల్లా సిద్ధం చేస్తారా, అని అడగండి. బఫే అంటే కొందరికి చిన్నచూపు, ప్లేటు పట్టుకుని లైనులో నిలబడటం ఏమిటని. మాకైతే బఫేయే మేలనిపిస్తుంది. పదార్థాలు ఎదురుగా ఉంటాయి, ఎవరికి ఎప్పుడు అవసరమైతే అప్పుడు, ఎంత కావాలంటే అంతే, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా తినవచ్చు. ఇంకా మంచిది, విందును మధ్యాహ్నానికి మార్చడం. తాగమని బలవంతాలు తక్కువ, తిన్న వెంటనే పడుకుని ఛాతీలో మంటతో లేచే బాధ కూడా ఉండదు.

ఉప్పు సంగతి క్లుప్తంగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు చాలంటుంది, అంటే సుమారు ఒక టీ చెంచా. సూపు, కబాబులు, గ్రేవీ, అప్పడం, పచ్చడి కలిస్తే ఒక్కపూటలోనే ఆ హద్దు దాటిపోవచ్చు. 2020లో వచ్చిన ఆహార భద్రత నిబంధనల ప్రకారం పది లేక అంతకంటే ఎక్కువ శాఖలున్న హోటళ్ళు మెనూ కార్డులో కేలరీలు చూపాలి. కేలరీలు చూస్తే ఉప్పు తెలియదు. ఉప్పు తగ్గించి వండగలరా అని నోటితో అడగడమే మార్గం. మంచి హోటలులో వంటమాస్టరు ఈ మాటకు చిన్నబుచ్చుకోడు. చిన్నబుచ్చుకుంటే వేరే హోటలు చూసుకోండి!

వెలుతురు గురించి కూడా చెప్పాలి. ఖరీదు పెరిగే కొద్దీ దీపాలు తగ్గిస్తారు ఎందుకో. మసక వెలుతురులో మటను బిర్యానీలో ఎముక కనబడదు, చేపలో ముల్లు కనబడదు. పైగా పాటల హోరు. అమెరికాలోని ఫ్లోరిడాలో డాక్టరు హాగెన్ 1963లో ఒక వ్యాసం రాశారు. హోటళ్ళలో భోజనం చేస్తూ హఠాత్తుగా పడిపోయినవారిని గుండెపోటు అనుకున్నారు, తీరా పోస్టుమార్టంలో చూస్తే గొంతులో మాంసం ముక్క అడ్డుపడి ఉంది. దానికి ‘కేఫ్ కరోనరీ’ అని పేరు వచ్చింది. మద్యం మత్తు, కట్టుడు పళ్ళు, పెద్ద ముక్క నములుతూ మాట్లాడటం, ఇవన్నీ కారణాలే. వ్యాపార విందులో ఇవన్నీ ఒకే టేబులు మీద ఉంటాయి కదా! గుండెపోటు వచ్చిన మనిషి సాధారణంగా మాట్లాడగలడు. గొంతు పూర్తిగా అడ్డుపడినవాడు మాట్లాడలేడు, దగ్గలేడు, చేతులతో గొంతు పట్టుకుంటాడు. ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టాలి. ముక్క రాకపోతే వెనుక నుంచి పట్టుకుని, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడేవరకు ఇలా మార్చి మార్చి చేయాలి. గర్భిణీలకు, బాగా లావుగా ఉన్నవారికి పొట్ట మీద కాక ఛాతీ మీద నొక్కాలి. ఎవరో ఒకరు 108కు ఫోను చేయాలి. ఇదంతా చేయాలంటే ఎదుటి మనిషి ముఖం కనబడాలి. ముఖం కనబడేంత వెలుతురు, మాట వినబడేంత నెమ్మది ఉన్న చోటు అడిగి తీసుకోండి. చెవుడు వచ్చిన పెద్దసార్లు కూడా లోపల సంతోషిస్తారు. మోకాళ్ళ నొప్పులవారు వస్తుంటే లిఫ్టు ఉందా, టేబులు ఏ అంతస్తులో ఉంది అని కూడా కనుక్కోండి.

ఇక తిరిగి వెళ్ళడం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండి బండి నడిపితే నేరం. కాబట్టి డ్రైవరు ఉండాలి. ఆ డ్రైవరు కూడా ఒక మనిషే, యాభై దాటినవాడైతే అతనికీ షుగరో, బి.పి.యో ఉండవచ్చు. లోపల మనం పదకొండు దాకా కూర్చుంటే, బయట కారులో అతను టీలతో, మిర్చి బజ్జీలతో సరిపెట్టుకుని మన ప్రాణాలు చేతుల్లో పెట్టుకుని బండి తోలాలి. కొన్ని పెద్ద హోటళ్ళలో డ్రైవర్లకు విడిగా భోజనం పెడతారు. టేబులు బుక్ చేసే ఫోనులోనే ఆ సంగతి అడగండి. అక్కడ లేకపోతే ఎనిమిదింటికల్లా దగ్గరలో ఎక్కడైనా తినిరమ్మని డబ్బులిచ్చి పంపండి.