సైకిలు పేర్లు – అర్థపరిణామం: ఒక పరిశీలన

అర్థసంకోచానికి ‘చీర’ను, అర్థవ్యాకోచానికి ‘నూనె’ను ఉదాహరించడం మన తరగతి గదులలో పరిపాటి. వస్త్రసామాన్యానికి చెల్లిన చీర స్త్రీలు కట్టుకొనే వస్త్రానికి పరిమితమైంది. నువ్వుల నుండి తీసిన నూనె అన్ని గింజల తైలాలకూ పేరైంది. ఈ ఉదాహరణలు నిర్దుష్టమైనవే. కాని ఇవి శతాబ్దాల వెనుక జరిగిన మార్పులు. ఒక్క తరంలో, మన కళ్ల ముందు జరిగిన పరిణామాన్ని చూడదలచినవారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలోని సైకిలు దుకాణాల వద్ద కొంతసేపు నిలబడి వింటే చాలును. సైకిలు పేర్ల చరిత్రలో వస్తువు మారడం కంటె దాని పొరుగు వస్తువు మారడమే పేరు మార్పుకు ముఖ్యకారణమని ఈ వ్యాసంలోని అభిప్రాయం.

ఈ సూత్రం ఆధునిక సైకిలు రూపొందిన దేశంలోనే కనిపిస్తుంది. ఇంగ్లండులో ముందు చక్రం మిక్కిలి పెద్దదిగా, వెనుక చక్రం చిన్నదిగా ఉన్న వాహనాన్నే తొలుత ‘బైసికిల్’ అన్నారు. 1885లో జాన్ కెంప్ స్టార్లీ రెండు చక్రాలూ దాదాపు సమానంగా ఉన్న ‘రోవర్’ను తెచ్చినప్పుడు దానిని ‘సేఫ్టీ బైసికిల్’ అని వేరుపరచవలసి వచ్చింది. పాతదానికి ‘ఆర్డినరీ’, అనగా మామూలుది, అనే పేరు స్థిరపడింది. కొన్నేళ్లకు కొత్తదే లోకమంతటా వ్యాపించగా ‘సేఫ్టీ’ అనే విశేషణం జారిపోయి, ఉత్త ‘బైసికిల్’ అనే పేరు దానికే దక్కింది. మన బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ వెలువడినదీ 1885లోనే. ఈ వాహనానికి తెలుగులో పేరు పెట్టే పని నిఘంటుకర్తల కంటె జనానిదే అయింది.

జనం ఆ పని ఎట్లా చేశారు? మద్రాసులో 1949లో ఏర్పడిన టీఐ సైకిల్స్ వారి హెర్క్యులిస్, సోనేపట్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో ఆరంభమైన హీరో – ఇవి మన పల్లెలకు చేరిన కాలంలో ‘సైకిలు’కు విశేషణం అక్కరలేదు. నల్లరంగు, నిడుపాటి అడ్డకడ్డీ, బరువు మోసే వెనుక క్యారేజీ కలది సైకిలు. భేదం చెప్పవలసి వస్తే ఇరవైరెండు ఇంచులదనో ఇరవైనాలుగు ఇంచులదనో కొలతతో చెప్పేవారు. అడ్డకడ్డీ లేనిది మాత్రం ‘లేడీస్ సైకిలు’. తరువాత తిన్నని హ్యాండిలు, లావు టైర్లు గలవి వచ్చాయి. వాటిలో ఒకదాని వ్యాపారనామమైన ‘రేంజర్’ ఆ రకానికంతటికీ జాతివాచకమైంది. అప్పుడు మొదటి సైకిలుకు ‘పాత మోడల్ సైకిలు’, ‘మామూలు సైకిలు’ అనే పేర్లు వచ్చాయి. ఇంగ్లండులో ‘ఆర్డినరీ’కి జరిగినదే ఇక్కడా జరిగింది. 2020లో సాహిబాబాదు కర్మాగారంలో అట్లాస్ ఉత్పత్తి నిలిచిపోయినా ఆ పేరు పెద్దల నోట నిలిచే ఉన్నది.

స్థలభేదం కూడ గమనింపదగినది. తెలంగాణంలో ‘కిరాయి సైకిలు’ అన్నది తీరాంధ్రంలో ‘అద్దె సైకిలు’. జగ్గయ్యపేట వైపు సరిహద్దున ఉన్న కోదాడలో ఈ రెండు మాటలూ చెవిన పడతాయి. మాండలిక సీమారేఖను పటంపై గీయదలచిన విద్యార్థికి ఇంతకంటె సులభమైన పదజంట దొరకదు.

ఇక మోటారు వాహనాల పొరుగు. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాయి. ఇంగ్లీషులో తొలుత సైకిలుకే చెల్లిన ‘బైక్’ మన నోట మోటారు సైకిలుకే రూఢమైంది. ఎడ్లు లాగే ‘బండి’ కూడ అటే పోయింది. నేడు పట్టణంలో ‘బండి ఉన్నదా?’ అని అడిగితే ఎవరికీ ఎడ్లు స్ఫురించవు. వ్యుత్పత్తి ప్రకారం సైకిలుకు అక్షరాలా సరిపోయే ‘ద్విచక్రవాహనం’ సైతం పత్రికలలోను, వ్యవహారంలోను మోటారు గలదానినే చెప్పుతున్నది. ఇది ‘పంకజం’ వంటి యోగరూఢి. రూఢి యోగం కంటె బలవత్తరమని మనం విద్యార్థులకు చెప్పే మాటకు ఇంతకంటె సజీవమైన లక్ష్యం లేదు. ఇప్పుడు ఛార్జింగ్ బండ్లు, బ్యాటరీ సైకిళ్లు రావడంతో పాతదానిని ‘తొక్కుడు సైకిలు’ అని విశేషించవలసి వస్తున్నది. తొక్కకుండ నడిచే సైకిలు లేనంతకాలం ఆ విశేషణం పునరుక్తి.

ఇవన్నీ అన్యదేశ్యాలు, వ్యాపారనామాలు కదా, వీటికి భాషాపరిశోధనలో స్థానమేమిటని కొందరు ఆక్షేపింపవచ్చు. వాకిలి వాకిళ్లు, నాగలి నాగళ్లు అయిన తీరుననే సైకిలు సైకిళ్లు అయింది. తెలుగు వ్యాకరణానికి లోబడిన మాటను పరాయిదని తోసివేయడం న్యాయం కాదు. సంస్కృత సమాసం కూర్చి ఇచ్చినంత మాత్రాన వస్తువుకు పేరు నిలవదని ‘ద్విచక్రవాహనం’ చరిత్రయే చెప్పుతున్నది.

దీనిలో భాషకు మించిన విషయం కూడ ఉన్నది. ‘ద్విచక్రవాహనదారుడు’ అని వార్తలో చదివినప్పుడు మనకు పాలక్యానులు కట్టుకొని తొక్కుకుంటూ పోయే మనిషి కనిపించడు. మాట చేయి మారినప్పుడు దానితోపాటు ఒక వర్గం కూడ మన దృష్టి నుండి తొలగిపోతున్నది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయంతో మొదలై, 1971లో చేనేతకు విస్తరించింది. సైకిలు మరమ్మతు కూడ వృత్తియే. దానికీ పదసంపద ఉన్నది. జాతీయ రహదారిపైనున్న సూర్యాపేట, సరిహద్దున ఉన్న కోదాడ, బియ్యం మిల్లుల మిర్యాలగూడ – ఈ మూడింటిలోను వృద్ధులైన పనివారి నుండి, వారి కుమారుల నుండి, బడిపిల్లల నుండి ఒకే ప్రశ్నావళితో పేర్లు సేకరిస్తే మూడు తరాల అర్థపరిణామం ఒక్క పట్టికలో కనిపిస్తుంది. దీనికి గొప్ప వ్యయం అక్కరలేదు. ప్రాచ్య కళాశాలలు విద్యార్థుల లఘుపరిశోధనాంశాలలో దీనిని చేర్చితే చాలును. కిరాయి సైకిళ్ల దుకాణాలు అరుదవుతున్నవి. ఆ పనివారు ఉండగానే ఈ సేకరణ జరగడం యుక్తం.