ఐపీ పెడితే ఇల్లు నిలవదు

ఇది పొడుగు రాత, ఓపిక పట్టి చదవండి. మేము చదివింది తమిళ బడిలో, తెలుగు ఇంట్లో అమ్మ నోట నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దుకోండి, విషయాన్ని మాత్రం పక్కన పెట్టొద్దు.

పోయిన సభలో మన సభ్యుడొకరు లేచి తన ఇంటి లోన్ సంగతి చెప్పబోతే, వెనక నుంచి ఒక గొంతు "అప్పు చేసి పప్పు కూడు తిన్నోళ్ళ గొడవ సంఘానికెందుకు" అన్నది. కొందరు నవ్వినారు. ఆయన కూర్చున్నాడు. మేము నవ్వలేదు గానీ నోరు కూడా తెరవలేదు. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాము, పేరు రాయము.

ఆయన తిన్న పప్పు కూడు ఏమిటంటే రెండు గదులు, ఒక స్లాబు. పంచాయతీలో ఇ-స్వత్తు కాగితాలు తీయించి, ఒక ఫైనాన్స్ కంపెనీలో ఇల్లు తాకట్టు పెట్టినాడు. పత్తి అమ్మితే ఏడాదికి ఒకసారి డబ్బు కండ్ల చూసే మనిషి, నెలనెలా కంతు కడతానని సంతకం చేసినాడు. ఇక్కడే మాకు కోపం. పంట లోన్ అయితే బాకీ పడిందా లేదా అనేది పంట కాలాన్ని బట్టి లెక్క కడతారు. అదే రైతు, అదే సంపాదన, ఇంటి లోన్‌కు వచ్చేసరికి 90 రోజులు దాటితే మొండి బాకీ. వాన ఆలస్యమైందని కంప్యూటర్‌కు ఎవరు చెప్తారు?

కంతులు తప్పినాక మొదటి నోటీసు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఆయన దాన్ని ట్రంకు పెట్టెలో బొంత కింద పెట్టినాడు, ఇంటావిడకు కూడా చెప్పలేదు. ఆ కాగితం బెదిరింపు కాదయ్యా, గడువు. 2002 నాటి సర్ఫేసీ చట్టం 13వ సెక్షన్ కింద 60 రోజుల గడువు. ఆ 60 రోజుల్లో మనం అభ్యంతరం రాసి ఇస్తే, ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో 15 రోజుల్లో వాళ్ళు జవాబు చెప్పాల. లెక్క తప్పని రాయొచ్చు, ఫలానా నెలలో ఇంత కడతామని రాయొచ్చు. ఆయన ఏమీ రాయలేదు. రాయొచ్చని చెప్పిన మనిషీ లేడు. 60 రోజులు బొంత కిందనే పోయినాయి.

తర్వాత స్వాధీనం నోటీసు తలుపుకు అంటించినారు. ఆ నోటీసు రెండు పేపర్లలో వేయాల, ఒకటి స్థానిక భాషలో ఉండాల అని రూలు. స్థానిక భాష అంటే ఇక్కడ కన్నడ. మాకు కన్నడ మీద ఏ కోపమూ లేదు, ఆ అన్నమే తింటున్నాము. కానీ మన ఊళ్ళో పెద్దవాళ్ళకు వచ్చింది తెలుగు మాట, చాలామందికి ఏ లిపీ రాదు. తెలుగులో తాకట్టు అంటాము, కన్నడంలోనూ తమిళంలోనూ అడమానం. మూడింట్లోనూ అందరికీ తెలిసిన మాట ఒకటే, జప్తి. ఆ మాట వినపడినాకే మనవాళ్ళు లేస్తారు.

లేచి ఏం చేస్తారు? "ఐపీ పెట్టెయ్" అంటారు. మన అరుగు మీద న్యాయవాదులకు ఇదొక మంత్రం. అమెరికాలో ఉన్న అల్లుడొకాయన కూడా ఫోన్ చేసి దివాలా పిటిషన్ వేస్తే వేలం ఆగిపోతుందన్నాడట. ఆయన చెప్పింది ఆయన దేశానికి నిజమే. అక్కడ 13వ చాప్టర్ అని ఒకటుంది, పిటిషన్ పడగానే జప్తి ఆగుతుంది, తప్పిన కంతులను మూడు నుంచి ఐదేండ్లలో కట్టుకుంటూ ఇల్లు నిలబెట్టుకోవచ్చు. మనకు అది లేదు. 2016లో కొత్త దివాలా చట్టం వచ్చింది గానీ, మామూలు మనిషికి సంబంధించిన భాగం ఇంకా అమలుకు రాలేదు, కంపెనీ అప్పులకు పూచీ ఉన్నవాళ్ళకు తప్ప. మనం పెట్టే ఐపీ 1920 నాటి తెల్లదొరల చట్టం కిందిది. 500 రూపాయల అప్పుంటే చాలు, పెట్టొచ్చు! కానీ తాకట్టు పట్టినవాని హక్కును అది ముట్టుకోదు. చేబదులు ఇచ్చినవాడు, అంగడి శెట్టి, చీటీ వాడు నోరు మూసుకుంటారు. ఇంటి మీద లోన్ ఇచ్చినవాడు నేరుగా ఇంటికే వస్తాడు. లాయరు ఫీజు పోయె, పరువు పోయె, ఇల్లూ పోయె.

సివిల్ కోర్టులో స్టే తెస్తామనే వాళ్ళూ ఉన్నారు. ఈ చట్టంలో సివిల్ కోర్టుకు తలుపు మూసినారు. పోవాల్సింది బెంగళూరు, రుణ వసూలు ట్రిబ్యునల్‌కు. అదీ 45 రోజుల లోపల. మొదట్లో బాకీలో 75 శాతం కడితేనే అక్కడ అర్జీ తీసుకునేవారు. మార్డియా కెమికల్స్ కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ షరతు కొట్టేసింది. ఎవరో పోట్లాడి తెరిపించిన తలుపు అది, మనం ఆ దిక్కుకే పోము. రాత్రి బండి ఎక్కితే పొద్దునకు బెంగళూరు. ఏ బండి, ఎన్ని గంటలకు అనేది మమ్మల్ని అడగండి, అది మా పని.

ఇంకొకటి. వేలం రోజు వరకూ డబ్బు కట్టి విడిపించుకోవచ్చని చాలామంది నమ్మకం. 2016 సవరణ తర్వాత వేలం ప్రకటన పేపర్లో పడకముందే మొత్తం కట్టాల. పడినాక ఆ హక్కు లేదు.

మేము అప్పు ఎగ్గొట్టమనడం లేదు. బుకింగ్ కౌంటర్‌లో రూపాయి తక్కువొస్తే మా జేబులోంచి కట్టి ఇంటికి పోయినవాళ్ళం. ఆ కంపెనీ డబ్బు కూడా ఎవరిదో డబ్బే. కానీ గడువు తెలియక ఇల్లు పోవడానికీ, కట్టలేక పోవడానికీ తేడా ఉంది. సంఘం పెండ్లికి సామాన్లు ఇస్తుంది, చావుకు మనుషులను పంపుతుంది. ఒక నోటీసు చదివి చెప్పలేదా?

తలుపుకు కాగితం అంటించి నేటికి 22 రోజులు. ఇంకా 23 ఉన్నాయి. లాయరు ఖర్చుకు సంఘం నిధి నుంచి చేబదులు ఇచ్చే విషయం ఆదివారం సభలో మొదటి అంశంగా పెట్టమని అధ్యక్షుల వారిని అడుగుతున్నాము. వద్దనేవారు వెనక నుంచి కాదు, లేచి నిలబడి కారణం చెప్పాల. ఇండ్లల్లో బొంతల కింద ఇంకెవరికైనా నోటీసులు ఉంటే సభకు ఒక గంట ముందే రండి, కూర్చుని చదువుదాము. కవరు పారేయకుండా తెండి, దాని మీది పోస్టు ముద్ర తేదీ కావాల.