ఫార్మాట్ కొట్టడం రిపేరీ కాదు

"డేటా ఒక పెన్‌డ్రైవ్‌కి ఎత్తుకోండి సార్, ఫార్మాట్ కొట్టేస్తా, గంటలో కొత్తదాని లెక్క అయిపోతుంది."

పోయిన నెల మా కోలారు ఇంటికి వచ్చిన రిపేరీ అబ్బాయి అన్న మాట ఇది. మర్యాదగానే చెప్పినాడు, తెలుగులోనే చెప్పినాడు (మా పక్క అంగళ్లలో ఇంకా తెలుగు నడుస్తుంది). మా ఇంట్లో సగం మంది తల ఊపినారు కూడా. మా కోపమంతా ఆ తల ఊపడం మీద. అబ్బాయి మీద కాదు, పాపం వాడు రోజుకి పది ఇళ్లు తిరగాల.

జరిగింది ఇంతే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది. చిన్నాయనకి భయం పట్టుకుంది, విండోస్ 11 ఎక్కించాలని. కంప్యూటర్ 2019లో కొన్నది, ప్రాసెసర్ ఎనిమిదో తరం ఇంటెల్, అంటే అర్హత ఉన్నదే. అయినా రెండుసార్లు ఫెయిల్ అయింది. రెండోసారి అయితే డెబ్బై శాతం దాటి, రీస్టార్ట్ అయి, చేసిన మార్పులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి మళ్లీ పాత విండోస్‌లోనే వచ్చి నిలబడింది. పని చేస్తూనే ఉంది. చచ్చిపోలేదు. చచ్చిపోని దానికి దహనం ఎందుకు?

ఆ కంప్యూటర్‌లో ఏముందో చెప్పాల. 2004లో మా తాత నోటుపుస్తకాన్ని ఒక డీటీపీ అంగట్లో టైప్ చేయించినారు. 64 పేజీలు. మా వాళ్లు ఏ ఊరు వదిలి ఇక్కడికి వచ్చినారో, ఏ బావి ఎవరు తవ్వించినారో, ఏ ఆడబిడ్డని ఏ ఊరికి ఇచ్చినామో, అంతా అందులోనే. నోటుపుస్తకం చెదలు తినేసింది. మిగిలింది ఒక వర్డ్ ఫైలు.

పెన్‌డ్రైవ్‌కి ఎత్తుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు, అదే ఎవరికీ తెలియడం లేదు. ఆ కాలం డీటీపీ ఫాంట్లలో చాలా మటుకు యూనికోడ్ కావు. ఫైలులో ఉండేది నిజానికి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, వాటి మీద తెలుగు బొమ్మలు తొడిగినారు అంతే. ఆ తొడుగే ఫాంటు. అది మన డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండదు, విండోస్ కడుపులో ఫాంట్స్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఫైలు మాత్రం ఎత్తుకుని సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే, తాత రాసిన 64 పేజీలు తోకలూ కొమ్ములూ ఉన్న పిచ్చి ఇంగ్లీషుగా తెరుచుకుంటాయి. డేటా భద్రంగానే ఉంటుంది, చదివే దారే ఉండదు. కన్నడంలో పాత నుడి ఫైళ్లకీ ఇదే బాధ అని మాతో కన్నడ మీడియం చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కాని వాళ్లకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వెనక ఒక రాష్ట్ర సర్కారు ఉంది. కోలారులో ఒక ఇంటి తెలుగుకి వెనక ఎవరున్నారు? మేమే.

కాబట్టి అబ్బాయికి కాఫీ ఇచ్చి పంపేసి కూర్చున్నాం. రెండు ఆదివారాలు పట్టింది.

మొదటిసారి ఫెయిల్ అయింది స్థలం లేక. ఎర్రర్ కోడ్ చివర 80070070 ఉంటే డిస్క్ నిండిందని అర్థం. సి డ్రైవ్ అంతా వాట్సాప్ పెళ్లి వీడియోలు, అవి తీసి వేరే డిస్క్‌లో పెట్టినాం. టీపీఎం 2.0 లేదని కూడా చెప్పింది, కాని అది లేక కాదు, బయోస్‌లో పీటీటీ అనే పేరుతో ఆఫ్ చేసి ఉంది. ఆన్ చేసినాం. రెండోసారి వచ్చిన కోడ్ సి1900101తో మొదలైంది. ఇది ఎక్కువగా డ్రైవర్ల తగువు. విండోస్ తనంతట తానే లాగ్ రాసి పెడుతుంది, సి డ్రైవ్‌లో దాగిన అప్‌గ్రేడ్ ఫోల్డర్ లోపల పాంథర్ అని ఒకటి, రోల్‌బ్యాక్ అని ఇంకొకటి. సెటప్‌డయాగ్ అనే ఉచిత పనిముట్టు వాటిని చదివి ఫలానా డ్రైవర్ ఫైలు అని పేరు కూడా చెప్పింది. ఎప్పుడో అటక ఎక్కేసిన పాత స్కానర్‌ది అది. దాన్ని తీసేసి, గడువు తీరిన యాంటీవైరస్ తీసేసి, కీబోర్డు మౌసు తప్ప అన్నీ పీకేసి, ఫైళ్లూ యాప్‌లూ అన్నీ ఉంచు అనే దాని మీద టిక్ ఉందా అని మూడుసార్లు చూసి నొక్కినాం. గంటన్నరలో ఎక్కింది. ఫాంటు ఉన్న చోటే ఉంది.

ఫార్మాట్ అనే మాటలో రిపేరీ లేదు. ఏం చెడిందో చూసే ఓపిక లేదని చెప్పడం మాత్రమే ఉంది. ఆఫీసులో ఒక టెస్టర్ "ఏం తప్పో తెలీదు, అంతా తుడిచేసి మళ్లీ పెట్టండి" అని బగ్ మూసేస్తే ఆ రోజే ఇంటికి పంపిస్తారు. ఇంట్లో మాత్రం అదే మాటకి ఐదువందలు ఇచ్చి దండం పెడతాం.

రెండు ఆదివారాలు ఎందుకు పాడు చేసుకున్నారు, కొత్తది కొంటే పోయేది కదా అని బెంగళూరు నుంచి తమ్ముడు ఫోన్‌లో అడిగినాడు. డబ్బుల లెక్కలో వాడిదే సరి. కాని కొత్తదాన్లో ఆ ఫాంటు ఉండదు రా. ఇంక తొందర అంటావా, నమోదు చేసుకున్న విండోస్ 10 ఇళ్లకి మరో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్టే చెప్పింది. ఎవరి తొందర ఇది?

మా తప్పు దాచుకోము. సాఫ్ట్‌వేర్ పరీక్షించి జీతం తీసుకునే మనిషి ఉన్న ఇల్లు ఇది, మొదటి రెండుసార్లూ బ్యాకప్ లేకుండానే నొక్కినాం. పాత విండోస్ పది రోజులు ఉంటుంది కదా, వెనక్కి పోవచ్చు అని ధైర్యం. అది వెనక్కి పోయే దారే కాని బ్యాకప్ కాదు, డిస్కే పోతే ఆ పది రోజులూ దాంతోనే పోతాయి. ఇరవై ఏళ్లలో ఒక్కరం కూడా ఆ ఫైలుకి రెండో కాపీ పెట్టలేదు. రిపేరీ అబ్బాయిని అనే ముందు ఇది ఒప్పుకోవాల.

చెన్నైలో, బళ్లారిలో, షోలాపూర్‌లో, బరంపురంలో ఉన్న మన ఇళ్లలో ఇలాంటి ఫైళ్లు తప్పక ఉంటాయి. శుభలేఖ, వంశవృక్షం, భజన పాటలు. ఈ వారమే ఒకసారి తెరవండి. తెలుగు కనిపిస్తే అక్షరాల మీద క్లిక్ చేసి పైన ఫాంటు పేరు చూసి రాసుకోండి, ఆ ఫాంటు ఫైలుని కాపీ చేసి పక్కనే పెట్టండి. ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి ఒక కాపీ ఉంచండి, పీడీఎఫ్‌లో ఫాంటు కూడా పోతుంది కాబట్టి ఎక్కడైనా చదవొచ్చు, వెతకడానికి మాత్రం పనికిరాదు. తర్వాత ఎవరినైనా ఇంట్లోకి రానివ్వండి.

మేము యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టినాం. మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి వాడి చూస్తే వత్తులన్నీ చెల్లాచెదురు అయినాయి. అందుకని చిన్నాయన చదువుతారు, మేము కొడతాం. కన్నడ అలవాటుతో మేము ళ పెట్టిన చోట ఆయన ల అంటారు, అక్కడ ఒక గొడవ. 11 పేజీలు అయినాయి.