చూరులోని రసీదు



శ్రీహరికోటనుండి 1980లో ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యకు జేర్చెను. పులికాటు సరస్సునకు ఈవలిగట్టున మన యిండ్లలో మాత్రము ఎరువుల రసీదు లింకను చూరులోనే యున్నవి.

విత్తనము మొలవలేదని యొక రైతు నాకడకు వచ్చెను. నష్టపరిహార మడుగుదమన్న, ఆయన రసీదుపై అక్షర మొక్కటియు మిగులలేదు. నేటి యంత్రపు రసీదులు పెక్కులు సిరాతో అచ్చయినవి కావు. వేడికి నల్లబడు మందు పూసిన కాగితములు. ఎండ తగిలిన వెలిసిపోవును.

విత్తనములకు 1983 నాటి యుత్తరువును, ఎరువులకు 1985 నాటి యుత్తరువును బట్టి వర్తకుడు రసీదు ఈయవలసినదే. విత్తనము కొన్న రైతును వినియోగదారుడే యని 2012లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2019 చట్టము ప్రకారము ఫిర్యాదునకు గడువు రెండేండ్లు. అంతకాలము నిలువని కాగితముతో ఆ హక్కు ఎట్లు నిలుచును?

కావున కొన్ననాటి సాయంకాలమే రసీదును, సంచిపై లాటు నంబరును సెల్‌ఫోనుతో ఫోటో తీయుడు. సేద్యపు ఖర్చు నొకచోట, ఇంటి ఖర్చు నొకచోట తేదీలవారీగా నుంచుడు. ఫోను పోయిన అన్నియు పోవును గాన, ఇంటిలో మరియొకరి ఫోనునకును పంపుడు. అసలు కాగితమును పారవేయరాదు.

ఇది చదువుకున్నవారి పని యని కొందరందురు. పెండ్లిలో ఫోటోలు తీయు చేతికి రసీదు భారమా? ఎకరమునకెంత పెట్టితిమో తెలియనివాడు ఎంత మిగిలెనో ఎట్లు చెప్పగలడు?